ట్రాంబోన్ విదుషి మెల్బా లిస్టన్

జాజ్ సంగీత చరిత్రలో గాయనీమణుల పేర్లు మనకు ఎన్నో తారసపడతాయి. పియానో వాయించిన స్త్రీలూ లేకపోలేదు. కాని ఇత్తడి వాద్యాల వరుసలో, అందునా ట్రాంబోన్ చేబూని పురుషుల సరసన నిలిచిన స్త్రీలను గూర్చి చెప్పవలసివస్తే మెల్బా లిస్టన్ పేరు ముందు రావలసిందే. ఆమె జీవితానికి పూర్వం ఆ వాద్య స్వరూపాన్ని కొంత వివరించడం అవసరమని భావిస్తున్నాము.

ట్రాంబోన్‌కు సన్నాయికి వలె రంధ్రాలు గాని, హార్మోనియానికి వలె మెట్లు గాని ఉండవు. ఒక గొట్టంపై మరొక గొట్టం జారుతూ ఉంటుంది. దానిని ముందుకు నెట్టినకొద్దీ గాలి నడిచే దారి పొడవై స్వరం కిందికి దిగుతుంది. ఇందులో ఏడు స్థానాలున్నా, వాటిని తెలిపే గుర్తులు గొట్టంపై ఉండవు. చెవి, చేయి కలిసి కనుగొనవలసిందే. ఒక స్వరం నుండి మరొక స్వరానికి అది జారే తీరు మన సంగీతంలోని జారు గమకాన్ని స్ఫురింపజేస్తుంది. ఏడవ స్థానం చిన్నపిల్లల చేతికి అందదు.

అటువంటి వాద్యాన్ని మెల్బా ఏడేళ్ల వయసులో కోరుకున్నది. 1926 జనవరి 13న అమెరికాలోని కాన్సస్ సిటీలో జన్మించిన ఈ బాలికకు తల్లి దానిని కొనియిచ్చింది. చాలావరకు స్వయంకృషితోనే సాధన సాగింది. 1937లో కుటుంబం లాస్ ఏంజిల్స్ చేరింది. 1943లో ఆమె జెరాల్డ్ విల్సన్ వాద్యబృందంలో ప్రవేశించి, వాయించడంతోపాటు బృందానికి స్వరరచన చేసే విద్యనూ అలవరచుకున్నది.

1949లో గాయని బిల్లీ హాలిడేతో దక్షిణ రాష్ట్రాలలో చేసిన పర్యటన విఫలమైనది. విసిగిన మెల్బా వాద్యాన్ని పక్కనపెట్టి, లాస్ ఏంజిల్స్ విద్యామండలిలో కొన్నేళ్లు గుమాస్తాగా పనిచేసింది. ఈ ఘట్టాన్ని పలువురు ఒక్క వాక్యంతో దాటవేస్తారు. మాకు మాత్రం ఆమె జీవితంలో మిక్కిలి ఆలోచింపజేసే భాగం ఇదేనని తోచింది. విద్య ఉన్నది; దానితో బ్రతుకు గడిచే మార్గం మాత్రం లేదు.

1956లో డిజీ గిలెస్పీ తన బృందంలోకి ఆమెను పిలిచాడు. అమెరికా ప్రభుత్వం పంపిన ఆ బృందం ఇరాన్‌లోని అబాదాన్‌లోను, కరాచీ, ఢాకా నగరాలలోను కచేరీలు చేసింది. స్త్రీకి స్థానమిచ్చినందుకు తోటి వాదకులలో కొందరు మొదట గొణిగారు. ఆమె వ్రాసిన స్వరపత్రాలను వాయించిన పిమ్మట ఆ గొణుగుడు అణగిపోయింది.

1958లో కేవలం ట్రాంబోన్‌లకు ప్రాధాన్యమిస్తూ ఆమె తన పేర ఒక రికార్డు చేసింది. అయితే ఆమె ప్రతిభకు అసలు నిదర్శనం పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్‌తో చేసిన కృషి. ఎన్నో ఆఫ్రికా దేశాలు స్వతంత్రమైన 1960లో వారు 'ఉహురు ఆఫ్రికా' రికార్డు చేశారు. ఉహురు అంటే స్వాహిలీ భాషలో స్వేచ్ఛ. దక్షిణాఫ్రికాలోని జాతివివక్ష ప్రభుత్వం దీనిని నిషేధించింది. రికార్డు అట్టపై వెస్టన్ పేరు పెద్దదిగా కనిపించడం సహజమే. కాని అన్ని వాద్యాలకూ స్వరాలను పంచిన చేయి మెల్బాది.

1973 నుండి 1979 వరకు ఆమె జమైకాలో సంగీతం బోధించింది. 1985లో పక్షవాతం సోకి ట్రాంబోన్ శాశ్వతంగా చేజారింది. అంతట కంప్యూటర్ సహాయంతో స్వరరచన కొనసాగించి, 1990ల ఆరంభంలో వెస్టన్ రికార్డులకు మళ్లీ పనిచేసింది. 1999 ఏప్రిల్ 23న లాస్ ఏంజిల్స్‌లో మరణించేనాటికి ఆమె వయస్సు 73 సంవత్సరాలు.