గుడిమల్లం గురించి రాయబోతున్న మనవరాలికి

తిరుపతి

అమ్మణ్ణీ,

గుడిమల్లం చరిత్ర రాస్తానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంబరంగా ఉంది. పంపిన మొదటి పేజీ చదివాను. ఎత్తుకోవడమే అక్కడి శివలింగం క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటిది అని ఎత్తుకున్నావు. అది పక్కన పెట్టి, ముందు ఆ నేలను రాయమ్మా.

చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తొండవాడ, తిరుచానూరు దాటి గుడిమల్లం ఉన్న ఏర్పేడు మండలం మీదుగా శ్రీకాళహస్తికి పోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసకే. మనకు గట్టి వానలు అక్టోబరు తర్వాత, ఈశాన్యం నుంచి వస్తాయి. 2021 నవంబరులో ఏరు ఎలా పొంగిందో నువ్వు కళ్లారా చూశావు. ఎండిన ఏట్లో ఊటకాలువలు తీసి కయ్యలకు నీళ్లు పారించుకున్న సీమ ఇది. అందుకే గుడికి పోయే ముందు బావులు తవ్విన పెద్దవాళ్లను కలువు. ఎన్ని నిలువుల లోతున ఇసక తగిలింది, ఎక్కడ బంకమన్ను, ఎక్కడ పాత పెంకులు, ఇటుకలు బయటపడ్డాయి, అన్నీ అడిగి రాసుకో. ఎవరి బావి అన్నదీ రాసుకో.

ఆ తర్వాత పరశురామేశ్వరుడి గుడికి పో. గర్భగుడి చుట్టూ ఉన్న నేల కన్నా పల్లంలో ఉంటుంది. గుడిపల్లమే గుడిమల్లం అయిందని ఊళ్లో అంటారు. 1973లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున ఇంగువ కార్తికేయ శర్మ గారు తవ్వించినప్పుడు, ఇప్పుడున్న రాతి గుడి కింద ఇంకా పాత ఇటుక కట్టడం, లింగం చుట్టూ రాతి కంచె బయటపడ్డాయి. కట్టడం మీద కట్టడం లేచింది, లింగం మాత్రం మొదట నిలబెట్టిన మట్టంలోనే ఉండిపోయింది. గర్భగుడిలోకి మెట్లు దిగేటప్పుడు తొందరపడొద్దు.

లింగం సుమారు ఐదడుగుల ఎత్తు. దాని మీద శివుడు మరుగుజ్జు యక్షుడి భుజాలపై నిలబడి ఉంటాడు. చేతులు రెండే. కుడిచేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు, ఎడమచేతిలో చిన్న నీళ్ల పాత్ర, ఎడమ భుజం మీద గొడ్డలి. జంధ్యం లేదు. పరశురాముడూ చిత్రసేనుడనే యక్షుడూ పువ్వు కోసం కొట్లాడుకున్న స్థలపురాణాన్ని నేను బడిలో ఏళ్ల తరబడి చరిత్రగానే చెప్పాను. ఆ భుజం మీది పరశువును ఒకరోజు తీరిగ్గా చూశాక, ఇది శిల చెప్పేది, అది ఊరు చెప్పేది అని విడదీసి చెప్పి ఉండాల్సిందే అనిపించింది. నువ్వు రెండూ రాయి, కథను వదిలిపెట్టొద్దు. కానీ ఏది ఎవరి మాటో తెలిసేలా రాయి. లింగం కాలం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాలని చాలామంది అంటారు, ఇంకా తర్వాతిదనే వాళ్లూ ఉన్నారు. ఆ మాట దాచకు. గోపీనాథరావు గారి ప్రతిమా శాస్త్ర గ్రంథం 1914, 1916ల మధ్య అచ్చయింది. అందులో ఈ లింగం వర్ణన ఉంది, తప్పకుండా చదువు.

శాసనాలలో నీకు గుడిమల్లం అన్న పేరు దొరకదు. పల్లవుల కింద బాణరాజులు ఏలిన కాలం నుంచి చోళుల దాకా ఉన్న ఆ రాతల్లో ఊరి పేరు తిరువిప్పిరంబేడు. విక్రమచోళుడి కాలంలో, 1126 ప్రాంతంలో గుడిని రాతితో మళ్లీ కట్టారు. అచ్చయిన శాసన పాఠాలు పట్టుకొచ్చి మీ అమ్మమ్మ దగ్గర కూర్చో, ఆమె తమిళం చదివిపెడుతుంది. 1911 దాకా మనది ఉత్తర ఆర్కాటు జిల్లా కాబట్టి, పాత కాగితాలకు చిత్తూరు కలెక్టరాఫీసు చాలదు, చెన్నై ఎగ్మూరులోని రికార్డాఫీసుకూ పోవాలి.

గుడి దగ్గరే ఆగిపోకు. పక్కనే పాపానాయుడుపేట, గాజుపూసల ఊరు. కొలిమిలో కరిగిన గాజును సన్నని బోలు గొట్టంగా లాగి, ముక్కలు కొట్టి, బూడిద కలిపి మళ్లీ కాలుస్తారు. రంధ్రం పూడకుండా కాపాడేది ఆ బూడిదే. ఒకప్పుడు అరికమేడు రేవు నుంచి సముద్రాలు దాటిన పూసలదీ ఇదే లాగుడు పద్ధతి. పూసలు చేసే మనిషి ఎప్పుడు నేర్చాడో, ఎవరి దగ్గర నేర్చాడో అడుగు. కొలిమి ముందు వేడిలో కాసేపు నువ్వూ నిలబడు.

ఆదివారం పొద్దున్నే రా. రేణిగుంట మీదుగా బస్సులో ఇద్దరం పోదాం. ఎండెక్కకముందే ఏటి ఇసక చూడాలి. టేపూ, రెండు పెన్సిళ్లూ తెచ్చుకో, ఆ మెట్లు కొలుద్దాం.

మీ తాత