క్యాంపు కన్నా ముందు

హైదరాబాద్

చిట్టితల్లికి,


ఈ వేసవి సెలవుల్లో సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద బతికే ఆడవాళ్ల వైద్యం కోసం నీ ఎంబీబీఎస్ స్నేహితులతో కలిసి పనిచేస్తానని రాశావు. చాలా సంతోషంగా ఉంది. మే మొదటి వారంలోనే పెద్ద హెల్త్ క్యాంపు పెడతామన్నావే, అది మాత్రం కొన్నాళ్లు ఆపు. ఏళ్ల తరబడి సర్కారు దవాఖానాలో నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ముందు ఒక్క మనిషి వెంట ఆస్పత్రి దాకా వెళ్లిరా.

ఆ చుట్టుపక్కల వైద్యానికి కొదవ లేదు. గాంధీ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది. కాన్పులకు కోఠి, పేట్లబురుజు ఆస్పత్రులు ఉన్నాయి. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి, అక్కడ చూపించుకోడానికీ మందులకీ పైసా అక్కర్లేదు. ఇన్ని ఉండి కూడా ఫుట్‌పాత్ మీది ఆడమనిషి ఎందుకు రావడం లేదు, ఒకసారి వచ్చినామె మళ్లీ ఎందుకు రావడం లేదు? నీ ప్రాజెక్టు తేల్చాల్సింది ఇదే.

పొద్దున్నే ఆమెతో బయల్దేరి చూడు. మొదట మూట అడ్డొస్తుంది. దుప్పటి, రెండు చీరలు, ఒక గిన్నె, ఆమె సంసారమంతా అందులోనే. వదిలి వెళితే తిరిగొచ్చేసరికి ఉండదు, నెత్తిన పెట్టుకుని వస్తే గేటు దగ్గరే ఆపుతారు. ఆ తర్వాత ఆ పూట సంపాదన. ఓపీ నడిచేది పొద్దుటి పూట, ఆమె చిత్తుకాగితాలు ఏరుకునేదీ అప్పుడే. ఇవన్నీ దాటుకుని ఓపీ చీటీ కౌంటరు దగ్గరికొస్తే పేరు, వయసు, అడ్రసు, ఫోన్ నంబరు అడుగుతారు. పేరు చెబుతుంది, వయసు ఉజ్జాయింపుగా చెబుతుంది. అడ్రసు దగ్గర ఆగిపోతుంది. వెనకవాళ్లు తొందరపెడతారు. ఆమె ఏమీ అనకుండా లైనులోంచి పక్కకు జరుగుతుంది. ఆ క్షణంలో నువ్వు పక్కన ఉంటే చాలు, చీటీ వస్తుంది. ఇక మందుల మీద ‘మూడు పూటలా, అన్నం తిన్నాక’ అని రాసుంటుంది. మూడు పూటల అన్నం ఎక్కడిదో ఎవరూ అడగరు.

మే నెల ఎండలో నీళ్లు బాగా తాగమని అందరికీ చెబుతాం. ఈ ఆడవాళ్లు కావాలనే తక్కువ తాగుతారు. పగలు మరుగు దొరకదు, టాయిలెట్‌కి ప్రతిసారీ డబ్బులివ్వాలి, రాత్రి ఒంటరిగా వెళ్లాలంటే భయం. అందుకే మూత్రంలో మంట వాళ్లలో అంత ఎక్కువ. జన్ ఔషధి దుకాణంలో ప్యాడ్ ఒక్క రూపాయికే దొరుకుతుంది, కానీ మార్చుకునే చోటు లేకపోతే దాంతో ఏం లాభం? దగ్గర్లోని టాయిలెట్ నడిపేవాళ్లతో మాట్లాడి, ఆడవాళ్లను రాత్రిపూట కూడా ఉచితంగా రానిచ్చేలా ఒప్పించగలిగితే అదే పెద్ద వైద్యం.

వీళ్ల ఆరోగ్యం ఎలా ఉందో లెక్కలు వెతికావనుకో, పెద్దగా దొరకవు. తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తేలింది. కానీ అది ఇళ్లకు వెళ్లి చేసే సర్వే, ఇల్లే లేనివాళ్లు అందులోకి రారు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఆరుబయట పడుకున్నవాళ్లను లెక్కపెడితే దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. ఆ రాత్రి ఎవరికీ కనపడకుండా ఒదిగి పడుకున్న ఆడవాళ్లు ఎందరో ఊహించుకో. అందుకే నీ నోటుపుస్తకంలో రాసుకునే ప్రతి వివరానికీ విలువ ఉంది. పేర్లు మాత్రం రాయకు. ఫొటోలు అసలే వద్దు.

కొన్ని హక్కులు నోటికి వచ్చి ఉండాలి. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ చొప్పున ఏడాది పొడవునా, రాత్రింబగళ్లూ నడపాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 18వ సెక్షన్ ప్రకారం ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు సర్కారు మానసిక వైద్యం పూర్తిగా ఉచితం, బీపీఎల్ కార్డు చూపించమని అడగకూడదు. ఎర్రగడ్డ ఆస్పత్రికి ఎవరినైనా తీసుకెళ్లాల్సి వస్తే ఈ మాట గట్టిగా చెప్పు. రాత్రుళ్లు జరిగే దౌర్జన్యాల గురించి నువ్వుగా గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆమె తనంతట తాను చెబితే ఓపిగ్గా విను, ఆమె సరేనంటేనే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, సఖి కేంద్రానికి తోడు వెళ్లు.

నా అసలు బెంగ ఇప్పుడు చెబుతాను. వీళ్లలో ఎవరికైనా టీబీ అని తేలితే మందు ఆరు నెలలు వాడాలి. నీ సెలవులు రెండు నెలలు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. టీబీ రోగికి పోషణ కోసం సర్కారు నెలకు వెయ్యి రూపాయలిస్తుంది, అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, ఈమెకు ఖాతా ఉండదు. కాబట్టి ఎవరికైనా కఫం పరీక్ష చేయించే ముందే, నువ్వు వెళ్లిపోయాక ఆమెను చూసుకునేదెవరో తేల్చుకో. ఆ ప్రాంతపు ఆశా వర్కర్‌నీ, ఏఎన్ఎంనీ, బస్తీ దవాఖానా డాక్టర్‌నీ మొదటి వారంలోనే కలువు. వాళ్లను నీ ప్రాజెక్టుకు సాయం రమ్మని అడగొద్దు, వాళ్ల పనిలో నువ్వు సాయం చేస్తానని చెప్పు. అప్పుడే జూన్ తర్వాత కూడా ఆ పని నిలుస్తుంది.

వందమందికి బీపీ చూశామని రిపోర్టులో రాసుకోవడం తేలికే. అయిదుగురు ఆడవాళ్లు నీ తోడు లేకుండా ఓపీకి వెళ్లి, చీటీ తీసుకుని, మందులతో తిరిగి రాగలిగితే నీ వేసవి సార్థకమైనట్టే. అప్పుడు క్యాంపు పెట్టు, నేనూ వచ్చి కూర్చుంటాను.

ఎండలో టోపీ, నీళ్ల సీసా మర్చిపోకు. మొదటి వారం ఎలా గడిచిందో వివరంగా రాయి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ