ఏప్రిల్ 11 నడకకు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్తున్నారా?

ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం. ఈ జబ్బు గురించి 1817లో వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పుట్టినరోజది. మన వైపు వణుకుడు జబ్బు అంటారు, ఆయుర్వేదంలో కంపవాతం. ఆ రోజు చాలాచోట్ల అవగాహన నడకలు జరుగుతాయి. మన దర్శిలోనూ నలుగురు పూనుకుంటే జరపొచ్చు. అయితే జబ్బున్నవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి మిగతావాళ్లు బ్యానర్ పట్టుకుని నడిచేస్తే ప్రయోజనం లేదు. వాళ్లు పది అడుగులైనా వెయ్యాలి, మనం వాళ్ల వెంట నడవాలి. అందుకు కొన్ని చిట్కాలు.

1. ముందు మాత్ర వేళ చూసుకోండి, తర్వాతే నడక వేళ. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. లెవోడోపా మాత్ర ఆ లోటు తీరుస్తుంది కానీ, దాని బలం ఉన్నంతసేపే ఒళ్లు మాట వింటుంది. మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి కదలిక తేలికవుతోంది, మళ్లీ ఎప్పుడు బిగుసుకుంటోంది అన్నది వారం ముందు నుంచీ గోడమీద క్యాలెండర్లో రాయండి. తేలికగా ఉండే ఆ గంటలోనే నడక పెట్టుకోవాలి. మాత్రను టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవడం మంచిది. పెసరట్టు, గుడ్డు, పాలు వెంటనే పడితే వాటిలోని మాంసకృత్తులు మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. వికారం చేస్తుంటే ఒక బిస్కెట్టు చాలు. మోతాదు మాత్రం డాక్టరుని అడగకుండా మార్చొద్దు. తర్వాతి మాత్ర జేబులో ఉండాలి.

2. ఏప్రిల్లో మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున ఏడున్నరకల్లా ముగించండి. పొద్దున్నే ఒళ్లు బిగుసుకుపోయి ఉండేవాళ్లుంటే సాయంత్రం పెట్టండి.

3. అద్దంకి రోడ్డు, పొదిలి రోడ్డు లాంటి లారీలు తిరిగే దారులు వద్దు. కాలేజీ గ్రౌండో, చదునైన వీధో చాలు. మిరప కల్లాల పక్కన అసలు వద్దు. ఈ జబ్బులో మింగడం, దగ్గడం రెండూ బలహీనపడతాయి. ఆ ఘాటుకు దగ్గు పట్టుకుంటే తట్టుకోలేరు.

4. దారికి అడ్డంగా ముగ్గుపిండితో గీతలు వేయండి. నాకు అన్నిటికన్నా నచ్చే చిట్కా ఇదే. నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం ఈ జబ్బు లక్షణం. గుమ్మం దగ్గర, మలుపు దగ్గర ఇంకా ఎక్కువ. మామూలు నేలమీద కదలని కాలు, ఎదురుగా గీత కనిపిస్తే దాన్ని దాటడానికి లేస్తుంది. ఆ మనిషి అడుగు ఎంత పడుతుందో కొలిచి, అంతంత దూరంలో బారెడు గీతలు లాగండి. ముందురోజు ఇంటి వరండాలోనే వేసి చూడండి. మలుపు దగ్గర గీతల్ని విసనకర్రలా పరచండి, గిరుక్కున తిరగకుండా వెడల్పుగా తిరుగుతారు.

5. కాళ్లు ఆగిపోతే చెయ్యి పట్టి లాగకండి. లాగితే పైభాగం ముందుకొచ్చి కాళ్లు అక్కడే ఉంటాయి, బోర్లా పడతారు. పూర్తిగా ఆగమనండి. బరువును ఈ కాలిమీదికీ ఆ కాలిమీదికీ రెండుసార్లు మార్చమనండి. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి, లేదా మీ పాదం అడ్డంగా పెట్టి "ఇది దాటు నాన్నా" అనండి.

6. నడుస్తున్నప్పుడు కబుర్లు వద్దు, చేతికి జెండా కూడా ఇవ్వొద్దు. ఒకేసారి రెండు పనులంటే అడుగు తడబడుతుంది. పలకరింపులన్నీ కూర్చున్నాకే.

7. హవాయి చెప్పులు జారతాయి. మడమ పట్టి ఉండే బూట్లు వేయండి.

8. కూర్చోబెట్టి నీళ్లివ్వండి, ఒక్కోసారి సగం గ్లాసే. లేచేటప్పుడు ఒక నిమిషం ఆగి లేవమనండి, గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

9. వచ్చినవాళ్లకు ముందే చెప్పండి: జబ్బున్నవాళ్ల ముఖంలో నవ్వు కనిపించకపోతే కోపమనుకోవద్దు. ముఖం కండరాలు బిగుసుకుపోతాయి, మనసు మన మనసులాంటిదే. ఈ జబ్బుకు మంచిదని ఎవరైనా దూలగొండి గింజల పొడి తెచ్చిస్తే తీసుకోకండి. వాటిలోనూ లెవోడోపా ఉంటుంది, మాత్రతో కలిస్తే మోతాదు మించుతుంది.

10. నడక పేరుతో వసూలైన డబ్బు టీషర్టులకు ఖర్చుపెట్టకండి. ఒంగోలుకో గుంటూరుకో న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లే చార్జీలు, నెల మాత్రలు, బాత్రూములో పట్టుకునే కడ్డీ ఇవీ అవసరాలు. ఏదైనా సంస్థకు విరాళమిస్తే రసీదు అడగండి. దానిపై ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే రూ.2,000 దాటిన మొత్తం నగదుగా ఇవ్వకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడే పార్కిన్సన్స్ ఫౌండేషన్ 2011 నుంచి జరుపుతున్న మూవింగ్ డే నడకల్లో చేరొచ్చు.

11. నడకలో పంచే కరపత్రంలో పురుగుమందుల మాట తప్పక ఉండాలి. పారాక్వాట్ అనే కలుపుమందుకు ఈ జబ్బుతో సంబంధం ఉన్నట్టు అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. ఫలానా మనిషికి దానివల్లే వచ్చిందని తేల్చలేం. అయినా పత్తి, మిర్చి పండించే మనకు చేతి తొడుగులు, మాస్కు లేకుండా పిచికారీ చేసే అలవాటు ఇకనైనా పోవాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2007 నుంచి పారాక్వాట్‌కు అనుమతి లేదు.

12. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఒకటి. ఈ సంగతి తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. నడక అయిపోయాక అందరూ వెళ్లిపోకముందే ఇది మైకులో చెప్పండి. గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లి వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి స్లాటు అడగమనండి, పాత ప్రిస్క్రిప్షన్లు ఒక్కటి కూడా పారెయ్యొద్దనండి.