అవ్వ మాటను పదిలపరచడం ఎలా?

చాకలి ఐలమ్మ పేరు మీరు వినే వుంటారు. ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో, 1940లలో, తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వకుండా నిలిచిన ధీరవనిత ఆమె. 1985లో కన్నుమూసింది. మరుసటి ఏడు ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం వెలువడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను టేపురికార్డరులో ఎక్కించి, స్త్రీశక్తి సంఘటన వారు తెచ్చిన పుస్తకమది. ఐలమ్మ మాటలూ అందులో వున్నాయి. ఆ పని కొన్నేళ్ళు ఆలస్యమై వుంటే అవి మనకు దక్కేవి కావు.

టేపు మాటను దాస్తుంది. డాక్యుమెంటరీ చిత్రం మాటతోపాటు ముఖాన్నీ, చేతుల కదలికనూ దాస్తుంది. మీ వూళ్ళో ఒక అవ్వ చెప్పే సంగతులను అలా చిత్రించాలంటే ఏం తెలియాలి?

మొదటిది వెలుతురు. అవ్వ వెనుక తెరచిన తలుపు వుంటే ఆమె ముఖం నల్లగా పడుతుంది. ఎందుకని? ఎండనూ నీడనూ ఒకేసారి చూడడంలో కెమెరా మన కన్నుకు సాటి రాదు. అది వెనుకనున్న వెలుగుకు సర్దుకుంటే ముందున్న ముఖం చీకటవుతుంది. అందుచేత వెలుతురు ముఖం మీద ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేలా కూర్చోబెట్టాలి.

రెండవది ధ్వని. శబ్దం దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. ఆరుబయట మైకు దూరం రెండింతలైతే దాన్ని చేరే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది; మూడింతలైతే తొమ్మిదో వంతుకు. చుట్టూ వున్న రొద మాత్రం తగ్గదు! కాబట్టి మైకు దగ్గరగా వుండాలి, ఫ్యాను ఆపాలి. ఖాళీ గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. నాలుగు బొంతలు పరిస్తే అవి కొంత పీల్చుకుంటాయి.

బొమ్మ ఒక పరికరంలో, మాట మరొకదానిలో ఎక్కితే రెండింటినీ కలిపేదెలా? మొదట్లో ఒక్క చప్పట్లు కొడితే చాలు. సెకనుకు 25 బొమ్మలు తీసే కెమెరాలో అరచేతులు కలిసిన బొమ్మను వెదికి, ‘ఠప్’ మన్న శబ్దాన్ని దానికి జతచేస్తే, తరువాతి మాటలన్నీ పెదవులతో కలుస్తాయి.

మూడవది చూపు. కెమెరా అవ్వ కళ్ళ ఎత్తులో వుండాలి. అడిగేవారు కెమెరా పక్కనే కూర్చుంటే ఆమె యంత్రంతో కాక మనిషితో మాట్లాడుతుంది.

నాలుగవది ప్రశ్న. “భయం వేసిందా?” అంటే “వేసింది” అని వూరుకుంటుంది. “ఆ రాత్రి ఏమైంది అవ్వా?” అంటే కథ మొదలవుతుంది. కథకు ‘ఊఁ’ కొట్టడం మన అలవాటు. ఇక్కడ తల మాత్రమే వూపాలి. మీ ‘ఊఁ’ ఆమె మాట మీద పడితే విడదీయడం కష్టం. జవాబు ఆగగానే మరో ప్రశ్న వేయకండి. కొన్ని క్షణాలు ఆగండి. అసలు సంగతి అప్పుడే బయటికి రావచ్చు.

అన్నిటికంటే ముందు ఆమె అనుమతి తీసుకోవాలి. వద్దన్న సంగతి తీసివేయాలి. మాటలు కత్తిరించినప్పుడు అర్థం మారకూడదు.

చేసి చూడండి: ఈ ఆదివారం మీ అవ్వనో తాతనో అడిగి, సెల్‌ఫోనుతో అయిదు నిమిషాలు చిత్రించండి. ఫోను ఒకసారి మూరెడు దూరంలో, మరోసారి ఆరు మూరల దూరంలో పెట్టండి. రెండూ విని తేడా రాసుకోండి. అటుపైన మొట్టమొదట చూపించవలసింది మాట్లాడిన వారికే!