మల్టీమీటర్ పట్టిన డీజిల్ మెకానిక్‌కు గిరాకీ

క్వారీలో ఒక ప్రొక్లైన్ ఆగిపోతే దానితోపాటు వరసలో నిలబడ్డ టిప్పర్లూ ఆగిపోతాయి. యజమాని ముందు డీజిల్ మెకానిక్‌కు ఫోన్ చేస్తాడు. అతను వచ్చి ఫిల్టర్లు విప్పి, ఎయిర్ తీసి, చివరికి ‘ఇది వైరింగ్ కంప్లయింటండీ, నా పని కాదు’ అంటాడు. తర్వాత ఎలక్ట్రీషియన్ వస్తాడు. ‘కరెంటు బానే వస్తోంది, పంపు చూపించుకోండి’ అంటాడు. సాయంత్రానికి ఇద్దరి కూలీ ఖర్చయింది, బండి మాత్రం గుంతలోనే ఉంది. ఈ రెండు పనులూ తెలిసిన మనిషికి చిమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి సింగరేణి ఓపెన్‌కాస్టుల దాకా, అక్కడి నుంచి గల్ఫ్ దాకా పని ఉంది. పదో తరగతి పాసై ఏ ట్రేడ్‌లో చేరాలా అని చూస్తున్నవాళ్లు, ఐటీఐ పూర్తిచేసి షెడ్డులో హెల్పర్‌గానే ఉండిపోయినవాళ్లు ఈ దారిని గట్టిగా ఆలోచించాలి.

ఈ అవసరం ఇప్పుడే ఎందుకు పెరిగిందంటే కారణం పొగ నిబంధనలు. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి సీఈవీ స్టేజ్-4, 2025 జనవరి నుంచి స్టేజ్-5 ప్రమాణాలు వచ్చాయి. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ స్టేజ్-4 అమలైంది. వీటిని అందుకోవడానికి కంపెనీలు పాత మెకానికల్ పంపులు వదిలి కామన్ రైల్ ఇంజిన్ల వైపు వెళ్లాయి. ఎంత డీజిల్, ఏ క్షణంలో కొట్టాలో ఇప్పుడు నిర్ణయించేది ఈసీఎం అనే కంప్యూటర్. అంటే డీజిల్ పనిలోకి కరెంటు వచ్చి కూర్చుంది. అలాగని పాత బళ్లు పోలేదు, ఇంకా చాలాకాలం తిరుగుతాయి. కాబట్టి రెండు తరాల ఇంజిన్లూ తెలియాలి.

పని ఎలా ఉంటుందో ఒక మామూలు కంప్లయింట్‌తో చూద్దాం. ‘బండి స్టార్ట్ కావడం లేదు’ అని ఆపరేటర్ చెబుతాడు. మొదట అడగాల్సింది, సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) తిరగడం లేదా, లేక తిరుగుతున్నా ఇంజిన్ అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

సెల్ఫే తిరగకపోతే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాలి. నిండుగా ఛార్జయి, కాసేపు ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీలో మీటరు 12.6 దాకా చూపిస్తుంది. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ప్రొక్లైన్లు, డంపర్లలో చాలావరకు రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. అక్కడ రెండింటినీ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే ఒకటి బాగుండి ఒకటి చచ్చిపోయినా మొత్తం లెక్క మోసం చేస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒక్కో బ్యాటరీ 9.6 కంటే కిందకు పడిపోతే దాన్ని అనుమానించాలి. పడకపోతే? అప్పుడు మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో తుప్పో, లూజో ఉన్నట్టే. బురద, అదురు, ప్రెషర్ వాటర్‌తో కడగడం, ఈ మూడూ ఎర్త్ కనెక్షన్లకు శత్రువులు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇది చేయకుండా కొత్త బ్యాటరీ కొనిపించే మెకానిక్‌లు ఊరికొకరు ఉన్నారు.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే సైలెన్సర్ వైపు చూడండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి వెళుతోంది గానీ మండడం లేదు. పొగే లేకపోతే డీజిలే చేరడం లేదు. చేరకపోవడానికి కారణం డీజిల్ లైనులోనే ఉండాలని ఏమీ లేదు. పాత ఇంజిన్లలో పంపు మీద స్టాప్ సొలినాయిడ్ ఉంటుంది. చాలా బళ్లలో తాళం తిప్పగానే దానికి కరెంటు వెళ్లి డీజిల్ దారి తెరుచుకోవాలి, ‘టక్’ అని వినిపించాలి. దాని ఫ్యూజు పోతే టాంకు నిండా డీజిల్ ఉన్నా ఒక్క చుక్క లోపలికి పోదు. ఇక్కడే కొత్తవాళ్లు మీటరు పెట్టి ‘12 వోల్టులు వస్తున్నాయి’ అని వదిలేస్తారు. వైరులో మిగతా పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, లోడ్ లేనప్పుడు మీటరు 12 చూపిస్తుంది. ఆ పోగు సొలినాయిడ్‌ను లాగేంత కరెంటు మోయలేదు. అందుకే మీటరుతోపాటు టెస్ట్ ల్యాంప్ కూడా పెట్టి చూడాలి. బల్బు వెలగకపోతే వైరు చెడ్డదే.

దీనికి తిరగేసిన కేసూ ఉంది. గంటసేపు బాగా నడిచి బండి ఆగిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. వేడెక్కి వైరింగ్ షార్టవుతోందని అందరూ అనుకుంటారు. డీజిల్ టాంకు మూత కొద్దిగా వదులు చేసి నడిపి చూడండి. అప్పుడు ఆగకపోతే, మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినట్టే. అలాగే టాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు చీలితే బయట చుక్క కూడా కారకపోవచ్చు. అది లాగే వైపు కాబట్టి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పంపు ముందు ఒక పారదర్శకమైన గొట్టం ముక్క తాత్కాలికంగా బిగిస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఇక పీపాల్లో డీజిల్ తెచ్చి పోసే సైట్లలో నీళ్ల బెడద తప్పదు. వాటర్ సెపరేటర్‌లో చేరిన నీళ్లు రోజూ పొద్దున్నే వదలమని ఆపరేటర్‌కు చెప్పడం కూడా మెకానిక్ పనే.

కామన్ రైల్ ఇంజిన్ దగ్గర పాత అలవాటు ఒకటి పూర్తిగా మానుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు వదులుచేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూడటం. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే రైల్‌లో పీడనం 1,600 బార్ దాటగలదు. సన్నగా చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది గానీ గంటల్లో చెయ్యి పోయే ప్రమాదం ఉంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇక్కడ పరీక్ష స్కానర్‌తో జరగాలి. భారీ యంత్రాల్లో ఎక్కువగా వాడే జే1939 పద్ధతిలో ప్రతి కోడ్‌కూ రెండు సంఖ్యలు ఉంటాయి. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఏ రకం లోపమో చెబుతుంది. ఉదాహరణకు ఎస్‌పీఎన్ 157 అంటే రైల్ పీడనం. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 3 లేదా 4 ఉంటే సెన్సార్ వోల్టేజ్ హద్దు దాటింది, అంటే వైరు, కనెక్టర్, సెన్సార్ చూడాలి. 1 లేదా 18 ఉంటే పీడనం నిజంగానే తక్కువగా ఉంది, అంటే ఫిల్టర్, పంపు, లీకైపోతున్న ఇంజెక్టర్ చూడాలి. పక్కనున్న ఆ చిన్న సంఖ్య చదవకుండా ‘157 వచ్చింది, సెన్సార్ మార్చేద్దాం’ అనేవాళ్ల వల్లే యజమానులకు స్కానర్ అంటే నమ్మకం పోతోంది. కంప్యూటర్ల మధ్య మాటలు నడిచే క్యాన్ వైర్ల విషయంలోనూ అంతే. బ్యాటరీ ఆపి రెండు వైర్ల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే రెండు కొసల్లోని రెసిస్టర్లలో ఒకటి తెగినట్టు. అంతకంటే మర్మం ఏమీ లేదు.

చదువు సంగతికొస్తే, ఐటీఐలో మెకానిక్ డీజిల్, మెకానిక్ ట్రాక్టర్ ఏడాది కోర్సులు, మెకానిక్ మోటార్ వెహికల్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లవి. నా సలహా మోటార్ వెహికల్, ఎందుకంటే అందులో కరెంటు పాఠాలకు కాస్త సమయం దొరుకుతుంది. పాలిసెట్ రాసి మెకానికల్ లేదా ఆటోమొబైల్ డిప్లొమా చేస్తే డీలర్ల దగ్గర సర్వీస్ ఇంజినీర్ పోస్టులకు దారి దగ్గరవుతుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, ట్రాక్టర్ల వైపు వెళ్లాలనుకునేవాళ్లు అక్కడి కోర్సుల గురించి విచారించాలి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదలొద్దు. సింగరేణి, రెండు రాష్ట్రాల ఆర్టీసీలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. ఆ తర్వాత వచ్చే జాతీయ సర్టిఫికెట్‌కు ప్రభుత్వరంగ ఉద్యోగాల్లోనే కాదు, విదేశాల్లోనూ విలువ ఉంది.

సర్టిఫికెట్ రాగానే సొంత షెడ్డు పెట్టాలన్న ఆత్రం చాలామందిలో చూస్తాం. కనీసం రెండు మూడేళ్లు ఒక డీలర్ దగ్గర చేయమంటాను. జీతం మొదట్లో తక్కువే, రాత్రిపూట ఫోన్లొస్తాయి, పండక్కి ఊరెళ్లే వేళకు ఎక్కడో కాలువ గట్టున బండి ఆగుతుంది. కానీ వైరింగ్ డయాగ్రములు, కంపెనీ సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్ అవసరమయ్యే పరీక్షలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. సర్వీస్ మాన్యువల్ ఇంగ్లిషులో ఉంటుంది. వ్యాకరణం రాకపోయినా ఫర్వాలేదు, డయాగ్రములో వైరు నంబరు పట్టుకుని చివరిదాకా వెళ్లగలిగితే సగం పని వచ్చినట్టే. సొంత డబ్బుతో కొనాల్సిన మొదటి పనిముట్టు మంచి మల్టీమీటర్, స్కానర్ తర్వాత కొనుక్కోవచ్చు.

గల్ఫ్ వెళ్లాలనుకుంటే హెవీ ఎక్విప్‌మెంట్ మెకానిక్, హెవీ ఎక్విప్‌మెంట్ ఎలక్ట్రీషియన్ పేర్లతో ఉద్యోగాలు వెతకండి. తెలంగాణవాళ్లకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ప్రైవేటు ఏజెంటైతే కేంద్రం ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నాడో లేడో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. ట్రేడ్ టెస్టులో బండి ముందు నిలబెట్టి ఒక ఫ్యూజు తీసేసి గానీ, ఎర్త్ వదులుచేసి గానీ కనుక్కోమనవచ్చు. అక్కడ పానా కంటే ముందు మీటరు తీయండి. పాసయ్యాక కాంట్రాక్టులో, వీసాలో హోదా ఏమని రాశారో చదవండి. మాటల్లో మెకానిక్ అని చెప్పి కాగితం మీద హెల్పర్ అని రాస్తే అక్కడ దిగాక ఇచ్చేది హెల్పర్ జీతమే.