మాగాణి మినుముపై బూడిద తెగులు: వృక్షసారములతో నివారణ

కృష్ణా గోదావరీ మండలములందు వరికోతకు రెండు మూడు దినములు ముందుగా చేలలో వెదజల్లబడి, నేల మిగుల్చుకొన్న పదునును, రాత్రి కురియు మంచును ఆధారముగా గొని పెరిగెడు మినుము, పుష్యమాసము నాటికి పూతకు వచ్చుచుండును. రాత్రులు చల్లగాను పగళ్లు పొడిగాను ఉండు ఈ ఋతువే బూడిద తెగులునకును మిక్కిలి అనుకూలమగుటచేత, రైతులు విత్తిన నెలనుండియే అడుగుటాకులను పరీక్షించుచుండి, పిండి చల్లినట్టి తెల్లని మచ్చలు పొడసూపిన నాడే నివారణకు పూనుకొనవలెను.

శిలీంధ్రములను వారించు ద్రవ్యములు వృక్షజాతియందు సహజముగనే కలవు. ఎఱ్ఱయుల్లి పై పొరలలోని కాటెకాల్ మున్నగు ద్రవ్యములే ఆ గడ్డకు మసిమచ్చ తెగులు సోకకుండ కాచుచున్నవనియు, అవి లేని తెల్లయుల్లి దానికి లోనగుచున్నదనియు శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. వెల్లుల్లి రెబ్బ నలిగినప్పుడు మాత్రమే జనించు ఆలిసిన్ అను ద్రవ్యమును 1944లో వేరుపఱచిరి. అది త్వరలోనే విచ్ఛిన్నమగునది గావున, వెల్లుల్లిని అప్పటికప్పుడు నూరి, ఆ రసమును వాడుకొనవలెను.

బూడిద తెగులు శిలీంధ్రము ఆకు ఉపరితలముననే అల్లుకొని, పైపొర కణములలోనికి మాత్రమే తన పీల్చుకొమ్మలను చొప్పించును. కావుననే ఆకులపైన చల్లిన వేపగింజల కషాయము వంటి వృక్షసారము దానిని నేరుగా తాకగలదు. ఎండిన వేపగింజల పప్పును పొడిచేసి, 5 కిలోల పొడిని గుడ్డలో మూటగట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవైచి, ఉదయమున మూటను పలుమారులు పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి చేర్చి, మొత్తము 100 లీటర్లగునట్లు నీరు కలిపినచో 5 శాతము కషాయము సిద్ధమగును. దీనిని సాయంకాలమున ఆకుల రెండు వైపులను తడియునట్లు చల్లి, పది దినముల పిమ్మట మరల చల్లవలెను.

అయితే వృక్షసారము తెగులును ఆరంభమున అణచగలదే గాని, ముదిరినదానిని మాన్పజాలదు. చేనంతయు తెల్లబాఱినయెడల కషాయముతో కాలహరణము చేయక, నీటిలో కరుగు గంధకమును లీటరుకు 3 గ్రాముల చొప్పున చల్లుట మేలు. వేపగింజల కషాయములోని నూనెతో గంధకము కలిసినచో ఆకులు మాడు ప్రమాదము గలదు గావున, ఈ రెంటిని కలిపిగాని వెనువెంటనే ఒకదానిపై నొకటిగాని చల్లరాదు.

బూజుపట్టిన పాత వేపగింజలలో సారము క్షీణించియుండును. కావున రైతు సోదరులారా, వచ్చు వేసవి చివర మీ గట్లపై రాలు వేపపండ్లను వృథాపోనీయక ఏరించి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి, రాబోవు పైరు కొఱకు నిలువచేసికొనుడు.