చెడిన ఇంజను – తయారీదారుని బాధ్యత

వర్నికి చెందిన ఒక రైతు కొత్త కారు కొన్నాడనుకుందాము. ఏడాది తిరగకముందే బోధన్ దారిలో ఇంజను సీజైపోయింది. లోపము తయారీలోనే ఉన్నదని రైతు వాదన. వేళకు ఆయిలు మార్చలేదని కంపెనీ జవాబు. డీలరేమో తాను అమ్మినవాడినే గాని చేసినవాడిని కానంటాడు. జిమ్మేదారీ ఎవరిది?

ముందు ఇంజనును చూడవలెను. ఆయిలు పంపు చెడి నూనె అందకపోతే బేరింగులు కాలిపోతాయి. యజమాని ఆయిలు మార్చక అది మడ్డిగా మారినప్పుడూ అవే బేరింగులు కాలిపోతాయి. ఫలితము ఒక్కటే, తప్పు చేసినవారు వేరు. సిలిండరు బ్లాకు పోతలోని పగులు కర్మాగారము నాటిది. పొంగిన వాగులో బండి దింపినందున లోనికి నీరు చేరి వంగిన కనెక్టింగ్ రాడ్ నడిపినవాని చలవ. ఈ భేదమును చెప్పగలిగినవి విప్పని ఇంజను, దానిలో మిగిలిన ఆయిలు, సర్వీసు రసీదులు. మనవారు పొరబడేది ఇక్కడే. మరునాడే తెలిసిన మెకానిక్కు చేత ఇంజను విప్పించి, చెడిన భాగాలను పాత ఇనుప సామానువానికి వేసి, ఆ తరువాత వకీలు గారి ఇంటికి వెళతారు. అప్పటికి సాక్ష్యము కాటాకెక్కి ఉంటుంది!

2004లో సుప్రీంకోర్టు ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో, లోపమున్న డీజిలు కారును కొత్తదని అమ్మి, ఆపైన బాధ్యత లేదని వాదించినందుకు కంపెనీని గట్టిగా మందలించింది. అయితే 2006లో మారుతి కేసులో అదే న్యాయస్థానము, వారంటీ లోపమున్న భాగమును బాగుచేయుటకు లేక మార్చుటకే గనుక కారు మొత్తమును మార్చి ఇమ్మనుట తగదన్నది. కొత్త కారే కావాలని పట్టుపట్టేవారు ఈ రెండవ తీర్పును మరువరాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టములో ఉత్పత్తి బాధ్యతపై ప్రత్యేక అధ్యాయమున్నది. దానిని చూచి విద్యార్థులు తొందరపడరాదు. అక్కడ ‘హాని’ అన్న మాటలో వస్తువుకే కలిగిన నష్టము చేరదు. ఇంజను అంటుకొని మనిషి గాయపడితే ఆ అధ్యాయము వర్తిస్తుంది. ఇంజను మాత్రమే చెడితే, లోపమున్న వస్తువును అమ్మారని మామూలు ఫిర్యాదు చేయవలసినదే. పరీక్ష లేనిదే లోపము తేలదనుకుంటే జిల్లా కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపగలదు. పంపుటకు ఇంజను మిగిలి ఉండవలెను గదా!

కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును; మన రైతు నిజామాబాదు దాటి పోనక్కరలేదు. గడువు రెండేళ్ళు. బండిని బాడుగకు తిప్పేవారి సంగతి వేరు. జీవనోపాధికై స్వయముగా నడుపుకొనేవాడు వినియోగదారుడే. నాలుగు బండ్లు కొని డ్రైవర్లను పెట్టి వ్యాపారము చేసే షావుకారు మాత్రము సాధారణముగా ఈ చట్టము నీడలోకి రాడు. అతడు సివిల్ కోర్టుకు వెళ్ళవలసినదే.